ఓడ నడుము విరిచేది బుడగ

[తెరపై: నీటి అడుగు నుంచి కనిపించే ఓడ పొట్ట]

1939 నవంబరు 21న స్కాట్లాండ్ తీరంలోని ఫోర్త్ నదీముఖంలో బ్రిటిష్ యుద్ధనౌక హెచ్.ఎమ్.ఎస్. బెల్‌ఫాస్ట్ కింద అయస్కాంత మైన్ (ఓడ ఉక్కు అయస్కాంత ప్రభావాన్ని పసిగట్టి నీటి అడుగున పేలే మందుపాతర) పేలింది. ఓడ పొట్టకు పడిన చిల్లు పెద్దదేమీ కాదు. అయినా ఓడ పొడవునా సాగే వెన్నుదూలం వంగిపోయి, యంత్రసామగ్రి దెబ్బతినడంతో అది 1942 చివరిలో గాని మళ్ళీ విధుల్లో చేరలేదు.

[తెరపై: పేలుడు నుంచి విస్తరించే తరంగం]

ఇలా నీటి అడుగున జరిగే పేలుడు శక్తిలో సుమారు సగం ఆఘాత తరంగంగా (షాక్ వేవ్, అంటే హఠాత్తుగా ఎగసే పీడనపు అల) మారి, సెకనుకు దాదాపు 1500 మీటర్ల వేగంతో ఓడను తాకుతుంది. దాని పీడనం మిల్లీసెకన్లలోనే పడిపోతుంది. ఈ దెబ్బకు ఉక్కు రేకు ఎంత వేగంగా లోపలికి కదులుతుందంటే, వెనుక ఉన్న నీరు దానిని అందుకోలేదు. నీరు సాగదీతకు తట్టుకోలేదు కనుక అక్కడ తెగి, శూన్యపు పొరలు ఏర్పడతాయి. అందువల్ల పలుచని రేకుకు తరంగపు తాడనంలో కొంత భాగమే చేరుతుందని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ 1941లో లెక్కకట్టి చూపాడు. రేకుకు ఇది ఊరటే అయినా పూర్తి రక్షణ కాదు, ఎందుకంటే ఆ ఖాళీలు మూసుకుపోయేటప్పుడు నీరు తిరిగి వచ్చి మరోసారి కొడుతుంది. ఈ కుదుపు లోపలి పరికరాలకూ పాకుతుంది. పెళుసుగా ఉండే పోత ఇనుము భాగాలు అప్పుడే పగులుతాయి.

[తెరపై: ఉబ్బి, కుంచించుకుపోయే బుడగ]

నా దృష్టిలో అసలు ప్రమాదం దీని తరువాతే ఉంది. పేలుడు వాయువుల బుడగ నీటి జడత్వం వల్ల హద్దు దాటి ఉబ్బుతుంది, లోపలి పీడనం పడిపోయాక చుట్టూ ఉన్న నీరు దానిని నలుపుతుంది, నలిగిన బుడగ మళ్ళీ ఎగసిపడుతుంది. కొన్ని వందల కిలోల మందుగుండు 20 మీటర్ల లోతున పేలితే ఇలా ఒకసారి ఉబ్బి నలగడానికి ఒక సెకను కంటే కొంచెం తక్కువ పడుతుంది. డిస్ట్రాయర్ (వేగంగా సాగే ఒక రకం యుద్ధనౌక) వంటి ఓడ నిలువుగా వంగి ఊగే సహజ లయ కూడా ఇంచుమించు అంతే. ఊయలను దాని లయకే తోసినట్లు, ఒక్కో స్పందనకూ ఓడ నడుము మరింత పైకీ కిందికీ వంగుతుంది. బుడగ మరీ దగ్గరగా ఉంటే పొట్ట వైపే లాగబడి, కూలేటప్పుడు నీటి ధారను నేరుగా రేకు మీదికి చిమ్ముతుంది.

[తెరపై: కంప్యూటర్ నమూనా]

మిల్లీసెకన్లలో ముగిసే తరంగాన్నీ, సెకన్లపాటు సాగే బుడగనూ ఒకే లెక్కలో ఇమడ్చడం కష్టం కనుక నిజమైన ఓడలపై పరీక్షలు ఇంకా జరుగుతున్నాయి. 2021లో అమెరికా విమానవాహక నౌక జెరాల్డ్ ఆర్. ఫోర్డ్ సమీపంలో, ఒక్కొక్కటి సుమారు 18 టన్నుల మందుగుండుతో, మూడు పేలుళ్ళు జరిపారు. ప్రతిసారీ పేలుడును ఓడకు మరికొంత దగ్గరగా జరిపారు.