కృష్ణారెడ్డి పారిస్‌లో ఏం సాధించాడు

అందరికీ నమస్కారమండీ. మన పెయింటర్లు ఫారిన్ ఎందుకు వెళ్ళారంటే అందరూ టక్కున పెయింటర్ ఎఫ్.ఎన్. సూజా పేరే చెప్తారు, 1949లో తన న్యూడ్ బొమ్మ మీద బొంబాయిలో గొడవై పోలీసుల దాకా పోయింది, ఆ ఏడాదే లండన్ వెళ్ళిపోయాడు. అది సెన్సార్ నుంచి స్వేచ్ఛ. నేను చెప్పబోయేది ఇంకో రకం, మన చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారిది.

ఆయన్నెవరూ తరమలేదు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, లండన్‌లో స్లేడ్ అనే ఆర్ట్ స్కూల్లో కొంత చదివి పారిస్ చేరాడు, అక్కడ శిల్పి జాడ్కిన్ దగ్గర శిల్పం, హేటర్ అనే ఆర్టిస్టు నడిపే అటెలియర్ 17 వర్క్‌షాప్‌లో ప్రింట్ మేకింగ్, అంటే లోహపు రేకు (ప్లేటు) మీద బొమ్మ చెక్కి, ఇంకు పట్టించి, ప్రెస్‌లో కాగితం మీద అచ్చు తియ్యడం. ఆ వర్క్‌షాప్ సంగతే అసలు సంగతి. పేరున్నోడూ కొత్తోడూ పక్కపక్కనే పని చేసేవాళ్ళు, పాడైతే పాడవనీ అని ప్రయోగాలు, ఇలాగే చెయ్యాలని ఎవరూ అనరు.

అప్పట్లో కలర్ ప్రింట్ అంటే మామూలుగా ఒక్కో రంగుకి ఒక్కో ప్లేటు, అవన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి, పెద్ద తలనొప్పి. కృష్ణారెడ్డి, తోటి భారతీయుడు కైకో మోతీ, హేటర్ కలిసి దీనికి వేరే దారి పట్టుకున్నారు. ప్లేటుని శిల్పంలాగా ఎత్తుపల్లాలుగా చెక్కుతారు. అవిసె నూనె ఎక్కువ కలిపిన పల్చటి ఇంకుని గట్టి రోలర్‌తో రుద్దితే పైభాగానికే అంటుతుంది, తర్వాత చిక్కటి ఇంకుని మెత్తటి రోలర్‌తో దొర్లిస్తే లోతుల్లోకి దిగుతుంది కానీ నూనె ఉన్నచోట పట్టదు. ఒకే ప్లేటు, ప్రెస్‌లో ఒకేసారి, అన్ని రంగులూ! ఇది విన్నప్పుడు నాకైతే మతిపోయింది, నూనె పాళ్ళతో ఆడుకోవడమేగా మరి.

నా లెక్కలో ఆయన స్వేచ్ఛ ఇదే, శిల్పి చెయ్యి, పెయింటర్ కన్ను రెండూ ఒకే రేకు మీద పని చెయ్యగలగడం. బొమ్మలో ఏముండాలన్నది తర్వాతి మాట. అలాగని లోకం పట్టనోడు కాదు, 1968లో పారిస్ వీధుల్లో విద్యార్థులు లేస్తే 'డెమాన్‌స్ట్రేటర్స్' (నిరసనకారులు) అనే బొమ్మ చేశాడు. 1976లో న్యూయార్క్ వెళ్ళి యూనివర్సిటీలో ఈ పద్ధతి నేర్పాడు, కిటుకులు దాచుకునే రకం కాదు. 2018లో పోయారు.

సరే, బాబూ ఆయన 1963లో చేసిన ప్రింట్ 'వర్ల్‌పూల్' (సుడిగుండం) స్లైడ్ పెట్టు. ముందు రంగుల్ని వదిలేసి ఆ గీతలు ఎలా తిరుగుతున్నాయో చూడండి, ఏ రంగు మిట్టది, ఏది లోతుది అని తర్వాత మీరే చెప్పాలి.