ఆక్టోపస్ ఎపిసోడ్ (అనుకున్నాం)

రాధ: ఇవాళ ఆక్టోపస్ గురించి, అంటే ఉగ్రవాదుల్ని ఎదుర్కొనే పోలీసు కమెండో దళం. కిరణ్, హోంగార్డుల సంగతి ఎత్తకు, ముందే చెప్తున్నా.

కిరణ్: ఎత్తనక్కా. ఒట్టు.

రాధ: సరే. 2007 మేలో మక్కా మసీదు, ఆగస్టులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్, హైదరాబాద్‌లో బాంబు పేలుళ్లు. ఆ ఏడాదే ఆక్టోపస్ పెట్టారు. నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ దళం 1989 నుంచీ ఉంది గానీ అది అడవుల కోసం. ఊరి నడుమ బందీలను విడిపించాలంటే...

కిరణ్: వాళ్లొచ్చేదాక ఎవరుండాలె?

రాధ: మొదలెట్టాడు.

కిరణ్: సూర్యాపేట బస్టాండక్కా. 2015 ఏప్రిల్ 1 రాత్రి. పోలీసులు బస్సు తనిఖీ చేస్తుంటే ఇద్దరు దుండగులు కాల్చిండ్రు. ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు...

రాధ: (నవ్వు) వచ్చాడమ్మా హోంగార్డు!

కిరణ్: చచ్చిపోయిండక్కా.

రాధ: ...అయ్యో. చెప్పు, చెప్పు.

కిరణ్: ముందు దొంగల ముఠా అనుకున్నరు. 2013ల మధ్యప్రదేశ్ ఖండ్వా జైలు నుంచి పారిపోయిన సిమీ అనే నిషేధిత సంస్థ వాళ్లని తర్వాత తెలిసింది. అందుకే మామూలు పోలీసులని గూడ తయారు చెయ్యాలంటున్న.

రాధ: నా పేచీ అక్కడే. బస్సు దిగిన ప్రతివాడికీ తుపాకీ గురిపెడితే మామూలు జనం గతేంటి?

కిరణ్: గురిపెట్టమంటలేను. ఒకలు అడుగుతుంటే ఇంకొకలు దూరంగ నిలబడి కవర్ ఇయ్యాలె. అది నేర్పనీకె ఆక్టోపస్ అక్కర్లేదు, ఠాణాలనే నేర్పొచ్చు.

రాధ: మూడ్రోజులకే జానకీపురంలో పట్టుకోలేదా? పట్టుకుందీ జిల్లా పోలీసులేగా!

కిరణ్: ఎదురుకాల్పుల ఇద్దరినీ చంపిండ్రు. ఆడ ఇంకో కానిస్టేబులు పోయిండు. ఎస్సైకి తూటాలు దిగినయి, దవాఖానల కొన్ని రోజులుండి ఆయన గూడ పోయిండు. ఇది తయారుగ ఉన్నట్టా?

రాధ: ధైర్యం లేదంటావా? 2008 ముంబై దాడుల్లో పోలీసు తుకారాం ఓంబ్లే చేతిలో ఉన్నది లాఠీయే. ఉగ్రవాది కసబ్ ప్రాణాలతో దొరికాడంటే ఆయన వల్లే.

కిరణ్: ధైర్యం సంగతి నేనెప్పుడన్న? లాఠీ ఎందుకిచ్చిండ్రంటున్న. అందుల హోంగార్డు పర్మినెంటు గూడ కాదు, డ్యూటీ చేసిన రోజుకే పైసలు...

రాధ: రెండోసారి! వింటున్నవాళ్లు లెక్కేస్తున్నారు. 2009లో కేంద్ర కమెండో దళం ఎన్‌ఎస్‌జీ హబ్ కూడా హైదరాబాద్‌కి వచ్చింది. ఆక్టోపస్ భాగం అయిపోయింది, మిగతాది నీ ఇష్టం.

కిరణ్: కోపమొచ్చిందా?

రాధ: కోపం కాదు. ఇందాక నవ్వకుండా ఉండాల్సింది.

కిరణ్: ఇడువక్కా. గానీ ఒక్కటి, ఫైరింగ్ ప్రాక్టీసుకు హోంగార్డులని...

రాధ: కిందనుంచి పిలుస్తున్నారు. నీ బండి గేటుకి అడ్డంగా ఉందట.

కిరణ్: అరె, తాళంచెవి ఏడ వెట్టిన?