అంటురోగం ఉన్న రోజుల్లో తుఫానొస్తే: ఊరి షెల్టర్‌ని ముందే సిద్ధం చేసుకోవడం ఎలా?

నమస్కారం. ఒడిశాలోని గోపాల్‌పూర్, ఛత్రపూర్, బరంపురం చుట్టుపక్కల పల్లెల్లో ఉంటున్న మన తెలుగువాళ్ల కోసం ఈ వీడియో. వార్డు మెంబర్లు, కుల పెద్దలు, మిషన్ శక్తి మహిళా సంఘాల అక్కలు, ఆశా దీదీలు మాత్రం తప్పకుండా చివరిదాకా చూడండి.

తుఫానొస్తే జనాన్ని ఒకచోట చేర్చాలి. అంటురోగం ఉంటే చేర్చకూడదు. 2020 మేలో, కరోనా రోజుల్లో, అంఫాన్ తుఫాను వచ్చినప్పుడు ఒడిశా తీరం సరిగ్గా ఈ ఇరకాటంలోనే పడింది. కొన్ని తుఫాను షెల్టర్లు అప్పటికే క్వారంటైన్ కేంద్రాలైపోయాయి. దాంతో బడులు, కాలేజీలు తెరిపించాల్సి వచ్చింది. ఆ ఆదేశం జిల్లా నుంచి రావచ్చు. కానీ ఏ గది కప్పు కారుతోందో, ఏ బోరింగ్ పనిచేస్తోందో ఊళ్లోవాళ్లకే తెలుసు. కాబట్టి పని మన దగ్గరే మొదలవ్వాలి.

ముందు టేపు పట్టుకుని హాలు కొలవండి. పొడవు 20 మీటర్లు, వెడల్పు 10 అనుకుందాం. అంటే 200 చదరపు మీటర్లు. సహాయ శిబిరాలకి అంతర్జాతీయంగా వాడే స్ఫియర్ ప్రమాణం ప్రకారం మనిషికి 3.5 చదరపు మీటర్లు కావాలి. భాగిస్తే 57 మంది. అంతే! వందలమంది సర్దుకునే హాల్లో 57 మందే. చాలా కమిటీలు ఇక్కడే పొరపాటు పడతాయి, మెట్లు, వరండా, వంటగది కూడా లెక్కలో కలిపేస్తాయి. పడుకునే చోటు ఒక్కటే కొలవండి. అయినా చాలకపోతే ఒక్కో కుటుంబానికి ఒక్కో గడి ముగ్గుపిండితో గీయండి. ఒకే ఇంట్లోవాళ్లు ఎలాగూ కలిసే ఉంటారు. గడికీ గడికీ మధ్య కనీసం ఒక మీటరు వదలండి.

గాలి ఉధృతంగా ఉన్నప్పుడు కిటికీలు మూయక తప్పదు. అంటుకునే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ కొన్ని గంటలే. అప్పుడు మాస్కు ఎవరూ తీయకూడదు. తడిసిన మాస్కు పనికిరాదు, మనిషికి మూడు ఉంచండి. గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను దాటిందనుకోవద్దు. అది తుఫాను కన్ను కావచ్చు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది. అధికారులు చెప్పాకే తలుపులు తీయండి.

57 మందికి పోగా మిగిలినవాళ్ల కోసం రెండో భవనం కావాలి, సాధారణంగా బడి. 2020 ఏప్రిల్‌లో కరోనా కట్టడి కోసం ఒడిశా ప్రభుత్వం సర్పంచులకు పంచాయతీ పరిధిలో కలెక్టరు అధికారాలు ఇచ్చింది. అలాంటి అధికారం ఉన్నా, హెడ్‌మాస్టారు టౌన్లో ఉండి, తాళంచెవి ఆయన జేబులో ఉంటే రాత్రి పదింటికి ఏం చేస్తాం? అందుకే ఒక పేజీ ఒప్పంద కాగితం రాసుకోండి. సర్పంచ్, హెడ్‌మాస్టారు, ఆశా, అంగన్‌వాడీ, సంఘం ప్రెసిడెంటు, అందరి సంతకాలూ, ఫోన్ నంబర్లూ ఉండాలి. తాళంచెవులు మూడు. హెడ్‌మాస్టారికి ఒకటి, వార్డు మెంబరుకి ఒకటి, ఊళ్లోనే ఉండే సంఘం అక్కకి ఒకటి. నకలు బీడీఓ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి.

ఇక ఇంటింటి జాబితా. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు ఒక గది, వాళ్లకి వేరే దారి, వేరే మరుగుదొడ్డి. ముసలివాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు ఇంకో గది. ఈ జాబితాని మైకులో చదవొద్దు, గోడకి అంటించొద్దు. పేరు బయటపడుతుందన్న భయంతో జ్వరం దాచేస్తారు. జ్వరం ఉంటే షెల్టర్‌కి రావొద్దని మాత్రం ఎప్పుడూ అనకండి. అలా అంటే ఆ మనిషి పాకలోనే ఉండిపోతాడు, పాక గాలికి నిలబడదు.

వాతావరణ శాఖ కనీసం 48 గంటల ముందు తుఫాను అలర్టు ఇస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిక. అలర్టు రాగానే కాన్పు దగ్గరపడ్డ అమ్మాయిల్ని మా గృహకో (కాన్పుకి ముందు ఉండే ప్రభుత్వ వసతి) ఆసుపత్రికో పంపేయండి. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లని కూడా అప్పుడే పంపాలి. కరెంటు పోతే ఆక్సిజన్ తయారుచేసే మిషను, కాన్సన్‌ట్రేటర్, ఆగిపోతుంది. చిన్న బి టైపు సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లుంటుంది. నిమిషానికి 5 లీటర్లయితే ఐదు గంటలకే అయిపోతుంది. చెట్లు పడి రోడ్డు మూసుకుపోయాక 108 కూడా రాలేదు.

శుభ్రతకి 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు తీసుకోండి. 10 లీటర్ల నీళ్లకి 33 గ్రాములు. కాసేపు ఉంచి, పైన తేరిన నీళ్లతో నేల, తలుపు గడియలు, కుళాయిలు తుడవండి. వాంతి పడ్డచోట అయిదు రెట్లు, అంటే 165 గ్రాములు. సంచి విప్పి వదిలేస్తే సముద్రపు తేమకి పొడి బలం పోతుంది. బాత్రూమ్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, జాగ్రత్త.

ఇంకో మాట, ప్రకటనలు ఒడియాలో వస్తాయి. మన ముసలివాళ్లకి అన్నీ అర్థం కావు. "ఎక్కడికి, ఎప్పుడు, ఏం తెచ్చుకోవాలి" అన్నది తెలుగులో ముందే రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో, ఫోన్లో ఉంచుకోండి. మైకు బ్యాటరీ కూడా చూసుకోండి.

ఇవన్నీ మన పల్లెలకి అందని పనులేం కావు. గంజాం జిల్లా వెంకట్రాయిపూర్‌కి సునామీకి సిద్ధంగా ఉన్న ఊరని యునెస్కో ఇచ్చే సునామీ రెడీ గుర్తింపు వచ్చింది 2020 ఆగస్టు 7న, కరోనా మధ్యలోనే. ఊరి కమిటీ, ఒడిశా విపత్తు నిర్వహణ సంస్థ, సునామీ హెచ్చరికలిచ్చే హైదరాబాద్ సంస్థ ఇన్‌కాయిస్ కలిసి పనిచేస్తేనే అది వచ్చింది.

ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ అక్టోబరు 11న. కాబట్టి సెప్టెంబరు మొదటి ఆదివారం ఆ ఒప్పంద కాగితం బయటికి తీసి, అందులోని ప్రతి నంబరుకీ ఫోన్ చేయండి. మూడు తాళంచెవులూ బడి తలుపుకి పెట్టి, తిప్పి చూడండి.