ఎముకల డాక్టరు అడిగే మొదటి ప్రశ్న

పెద్దలందరికీ నమస్కారం. పెన్షనర్ల సంఘం మీటింగులో ఈసారి డీఏ బకాయిలు పక్కనపెట్టి మోకాళ్ళ గురించి చెప్పమన్నారు సెక్రటరీగారు. ఇందాక గుమ్మం పక్కన నిలబడి మీరు మెట్లెక్కడం చూశాను. రెయిలింగు పట్టుకోనివాళ్ళు నలుగురే!

నేను ముప్పై ఏళ్ళు ఫిజియోథెరపిస్టుగా ఎముకల డాక్టర్ల పక్క గదిలో పనిచేశాను. రోజూ ఇవే మాటలు వినబడేవి. "ఏంటమ్మా ఇబ్బంది?" "మోకాళ్ళ నొప్పులండీ." "ఎన్నాళ్ళ నుంచి?" "చాలా రోజుల్నుంచండీ." ఇందులో డాక్టరుగారు రాసుకోవడానికి ఒక్క ముక్క లేదు. ఇక ఎక్స్‌రే చూసి మాట్లాడాల్సిందే. ఎక్స్‌రేలో గుజ్జు బాగా అరిగినట్టున్నా హాయిగా తిరిగేవాళ్ళున్నారు. అంతగా అరగకపోయినా రాత్రిళ్ళు నిద్రపట్టనివాళ్ళూ ఉన్నారు.

ఒకావిడ మాత్రం ఇలా చెప్పింది: "ఉగాది దాకా రైతుబజారుకి నడిచే వెళ్ళొచ్చేదాన్నండీ. ఇప్పుడు మధ్యలో మందులషాపు అరుగు మీద కూర్చోవాల్సొస్తోంది. మెట్లు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. పీట మీద కూర్చుని పూజ చెయ్యడం మానేశాను." డాక్టరుగారు పెన్ను తీశారు. ఎక్కడ నొప్పి అంటే మోకాలి లోపలి వైపు ఒక్క వేలితో చూపించింది. ఆ వేలు చాలా పని చేస్తుంది. తుంటి కీలు అరిగినా కొందరికి నొప్పి మోకాల్లో తెలుస్తుంది. అందుకని మోకాలికని వెళ్తే తుంటి తిప్పి చూస్తున్నారేంటని విసుక్కోకండి. బిగుతు ప్యాంటు వేసుకుని వెళ్ళకండి, పంచె మేలు.

పాత ఎక్స్‌రేలు కూడా పట్టుకెళ్ళండి. కొత్తది తీయిస్తే నిలబెట్టి తీశారో లేదో చూసుకోండి. పడుకోబెట్టి తీస్తే కీలు సందు ఉన్నదానికన్నా బాగున్నట్టు కనబడుతుంది.

ఇక మనం దాచేవి. పుత్తూరు కట్టు కట్టించుకున్నామంటే తిడతారని చెప్పం. మోకాల్లో ఈమధ్యే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్న సంగతీ చెప్పం. కీలు మార్చే ఆపరేషన్‌కి అది చాలా ముఖ్యం. ఇన్ఫెక్షన్ భయంతో మామూలుగా మూడు నెలలైనా ఆగుతారు. మా నాన్నగారైతే రెండేళ్ళు మందులషాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని వేసుకున్నారు, బీపీ మందుతో పాటు. ఇంట్లో ఫిజియోథెరపిస్టుని పెట్టుకుని నాకూ చెప్పలేదు! ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువొచ్చి, తేదీ వాయిదాపడి, చివరికి బిళ్ళల అట్టలు దిండు కింద దొరికాయి. అందుకే చీటీలు కాదు, వేసుకునే అట్టలన్నీ సంచిలో వేసుకెళ్ళండి. గుండెలో స్టెంటు ఉండి రక్తం పల్చబడే మందు వాడుతుంటే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి.

డబ్బు సంగతి అడగడానికి మొహమాటం వద్దు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో రూ. 54,720, జీఎస్టీ అదనం. అది లోపల పెట్టే కీలు ధర మాత్రమే. గది, థియేటరు, డాక్టరు ఫీజు వేరు. ఏ రకం పెడతారు, మొత్తం ఎంతవుతుంది, ఆపరేషన్ ఆర్నెల్లు ఆపితే ఏమవుతుంది, ఈ మూడూ కాగితం మీద రాసుకెళ్ళండి. లోపలికెళ్ళాక ఎవరికీ గుర్తుండవు.

కాఫీ కింద పెట్టారట. దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు వెయ్యండి. ఎన్నో మెట్టు దగ్గర పట్టేసిందో లెక్కపెట్టుకోండి.