కట్టు కట్టే ముందు

ప్రిన్సిపాల్ గారికి, పెద్దలకు, మైక్రోబయాలజీ పిల్లలందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లుగా డ్రెస్సింగ్ రూములో పనిచేస్తున్న నర్సును నేను. ఉపన్యాసాలు అలవాటు లేవు.

బ్యాక్టీరియాను చంపే వైరస్‌లను, అంటే ఫేజ్‌లను, నానో దారాల్లో పెట్టి పుండుకు కట్టు వేయడం గురించి మాట్లాడమన్నారు. బయట మీ పోస్టర్లు చూశాను. సూది కొసన పాలిమర్ అనే జిగురులాంటి పదార్థపు బొట్టుకు వేల వోల్టుల కరెంటు ఇస్తే, అది సాగి వెంట్రుక కంటే వంద రెట్లకు పైగా సన్నని దారమవుతుందట. ఆ దారం ఆరేటప్పుడు చాలా ఫేజ్‌లు చచ్చిపోతాయని, అందుకే వాటిని లోపలి పొరలో దాచి పైన ఇంకో పొర వేస్తున్నారని మీలో ఒకమ్మాయి చక్కగా చెప్పింది. చాలా సంతోషమేసింది. కానీ నాకు వెంటనే మా టైలరు గుర్తొచ్చాడు.

షుగరు మనిషి. మడమ మీద పుండు. రోజూ పొద్దున్నే వచ్చి బల్ల మీద కాలు చాపేవాడు. గాజ్ గుడ్డ అంటుకుపోయి ఉండేది. సెలైన్ పోసి నానబెట్టి ఒక్కో మూలా లేపేదాన్ని. అడుగున పచ్చటి చీము, అదో రకం తియ్యటి వాసన. అది చూస్తే సూడోమోనాస్ అనే క్రిమి అని మాకు అనుమానం వచ్చేస్తుంది. ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో ల్యాబులో తేల్చే కల్చర్ పరీక్షకు పంపుదామని అడిగాను. ముందు ఈ యాంటీబయాటిక్ కోర్సు అవనీ అన్నారు డాక్టరు గారు. పన్నెండో రోజు పంపారు. వాడుతున్న మందుకు ఆ క్రిమి లొంగదని రిపోర్టు వచ్చేసరికి ఎముకకు పాకింది. మోకాలి కింద తీసేశారు. "ఒంటికాలితో మిషన్ తొక్కొచ్చంటావా సిస్టరమ్మా?" అని అడిగాడు. నేను కట్టు సర్దుతూ ఉండిపోయాను.

పిల్లలూ, ఫేజ్ అన్ని క్రిములనూ చంపదు. స్టెఫైలోకాకస్ అనే క్రిమిని చంపే ఫేజ్ సూడోమోనాస్ జోలికే పోదు. జార్జియా దేశంలో 2001లో కట్టెలు కొట్టేవాళ్లు అడవిలో దొరికిన సోవియట్ కాలపు పరికరాల దగ్గర, లోపల స్ట్రాన్షియం అనే రేడియోధార్మిక పదార్థం ఉందని తెలియక, చలి కాచుకుని ఒళ్లు కాల్చుకున్నారు. పుండ్లలో చేరిన స్టెఫైలోకాకస్ మందులకు లొంగలేదు. ఫేజ్‌లు, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన పాలిమర్ పొర అతికిస్తే వారంలోపే చీము ఆగింది. ఆ క్రిమికి సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయదు, పొరలోని ఫేజ్‌లు పనిచేస్తాయి. ఆ సంగతి పరీక్ష చేయబట్టే తేలింది. మళ్లీ చెబుతున్నాను, పరీక్ష చేయబట్టే! పుండులోంచి దూదిపుల్లతో తీసే నమూనాను, అదే స్వాబ్‌ను, పన్నెండో రోజు పంపే చోట మీ దారం ఎంత సన్నగా ఉండి ఏం లాభం?

మీలో డ్రెస్సింగ్ రూములోకి వచ్చినవాళ్లు చేతులెత్తండి. ఇద్దరేనా? సోమవారం ఎనిమిదింటికి రండి. పైచీము సెలైన్‌తో కడిగేసి, పుండు అడుగు నుంచి స్వాబ్ ఎలా తీయాలో చూపిస్తాను. తీసిన స్వాబ్‌ను మీరే ల్యాబుకు పట్టుకెళ్లండి.