మారథాన్‌కు ముందు డబ్బాలు కాదు, లెక్క తెలియాలి

హోస్ట్: ఆగస్టులో హైదరాబాద్ మారథాన్. రన్నర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న, ఏ సప్లిమెంట్ కొనాలని. మీరేమంటారు మేడమ్?

డైటీషియన్: ముందు నేనొకటి అడుగుతాను. లాంగ్ రన్‌లో గంటకు ఎన్ని గ్రాముల కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, తీసుకుంటున్నారు? చాలామంది జవాబు చెప్పలేరు. ఇంట్లో బీసీఏఏ అనే అమైనో ఆమ్లాల పౌడర్ డబ్బా మాత్రం ఉంటుంది. నాకు బాధ అక్కడే.

హోస్ట్: మరి ఎంత తీసుకోవాలి?

డైటీషియన్: గంటన్నర దాటే పరుగుకు గంటకు 30 నుంచి 60 గ్రాములు. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే కార్బ్స్ నిల్వ, ఫుల్ మారథాన్ అంతటికీ చాలదు. అందుకే 30 కిలోమీటర్లు దాటాక చాలామందికి కాళ్లు మొరాయిస్తాయి. ఓ మోస్తరు అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటాయి. రన్నర్లు వాడే చాలా ఎనర్జీ జెల్‌లలోనూ దాదాపు అంతే.

హోస్ట్: కొందరు 90 అంటున్నారు కదా?

డైటీషియన్: అది రెండున్నర గంటలు దాటి పరుగెత్తేవాళ్లకు, అదీ పొట్టకు అలవాటైతేనే. ఒట్టి గ్లూకోజ్ అయితే గంటకు సుమారు 60 గ్రాములకు మించి పేగు పీల్చుకోలేదు. ఫ్రక్టోజ్‌కు వేరే దారి ఉంది, రెండూ కలిస్తేనే 90. రేసు రోజు మొదటిసారి ప్రయత్నిస్తే కడుపు తిప్పేస్తుంది. ఆదివారం లాంగ్ రన్‌లోనే పేగుకు అలవాటు చేయాలి.

హోస్ట్: ఆ ఉక్కలో కొబ్బరినీళ్లు సరిపోవా?

డైటీషియన్: వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. ఓఆర్‌ఎస్‌లో సోడియం ఉంటుంది కానీ, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ప్రకారం లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. దాంతో పరుగుకు శక్తి రాదు. ఇంకో మాట, దయచేసి గుర్తుపెట్టుకోండి. దాహం లేకపోయినా ప్రతి స్టాల్ దగ్గరా నీళ్లు తాగకండి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం పడిపోయి ఉంది. పరుగులో నీళ్లు ఎక్కువ తాగి బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. ప్రాణం మీదకు రావచ్చు. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకుంటే మీ చెమట లెక్క మీకే తెలుస్తుంది.

హోస్ట్: అయితే సప్లిమెంట్లు అసలు వద్దా?

డైటీషియన్: కెఫీన్‌కు గట్టి ఆధారాలున్నాయి. కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు చాలు. బీపీ, గుండె సమస్యలుంటే డాక్టర్‌ను అడగాలి. ఇక ఐరన్. పరుగెత్తే ఆడవాళ్లు ఎప్పుడూ నీరసంగా ఉందంటే "టెన్షన్ వల్లేలే" అని కొట్టిపారేస్తారు. నాకు చాలా కోపం వస్తుంది. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించాలి. తక్కువుంటేనే మాత్రలు, అవి కూడా టీతో కలిపి వేసుకోకూడదు. పోటీల్లో పాల్గొనేవాళ్లయితే పౌడర్ల విషయంలో మరీ జాగ్రత్త. డబ్బా మీద రాయని నిషిద్ధ పదార్థం ఒంట్లో దొరికినా డోపింగ్‌ను అరికట్టే జాతీయ సంస్థ నాడా అడిగేది క్రీడాకారుడినే.

హోస్ట్: రేసు రోజు పొద్దున టిఫిన్?

డైటీషియన్: రెండు మూడు గంటల ముందు ఇడ్లీ, కాస్త తేనె. పెసరట్టు ఉప్మా పరుగు అయ్యాక తినండి.