కిరాతకం అనే మాట

శ్రోతలకు నమస్కారం.

ఎక్కడైనా ఘోరమైన హత్య జరిగితే మర్నాడు పేపర్లో పెద్దక్షరాలతో ఒక మాట కనబడుతుంది. కిరాతకం. 'కిరాతకంగా నరికి చంపారు', 'కన్నకొడుకే కిరాతకుడయ్యాడు' అని రాస్తారు. దయాదాక్షిణ్యాలు లేని క్రూరత్వమని మనకి ఇట్టే అర్థమైపోతుంది. ఆ మాట ఎవరి పేరు మీద పుట్టిందో మాత్రం తలుచుకోం. ఈ పూట అది చూద్దాం.

కిరాతుడంటే అడవిలో వేటాడి బతికేవాడు. అంతే. భారతంలో పాశుపతాస్త్రం కోసం తపస్సు చేస్తున్న అర్జునుడి దగ్గరికి శివుడు వచ్చింది కిరాతుడి వేషంలోనే. ఇద్దరూ ఒకే పందిని కొట్టి, నాదంటే నాదని తలపడ్డారు. ఓడిపోయింది అర్జునుడు.

ఇక మన ధూర్జటి చెప్పిన తిన్నడి కథ సరేసరి. వేటాడి తెచ్చిన మాంసమే నైవేద్యం పెట్టిన బోయవాడు తిన్నడు. శివుడి కంట్లోంచి నెత్తురు కారుతుంటే తన కన్ను పెకలించి అక్కడ పెట్టాడు. శివుడి రెండో కంటికీ అదే గతి పట్టింది. ఉన్న ఒక్క కన్నూ తీస్తే ఎక్కడ పెట్టాలో కనబడదని, గుర్తుగా ఆ చోట తన కాలు ఆనించి మరీ బాణం ఎత్తాడు. ఇంతటి ప్రేమని కిరాతుడికిచ్చిన భాష, అదే పేరుని హంతకుడికీ అంటగట్టింది!

పేర్లు పెట్టినవాళ్లు ఊళ్లలో ఉన్నారు, అడవుల్లో లేరు. కారణం అదేనని నా నమ్మకం. అడవిని అటవి అంటాం కాబట్టి 'ఆటవికం', నగరపు పద్ధతి కానిదల్లా 'అనాగరికం'. గ్రీకులూ అంతే. తమకి అర్థంకాని భాషలు 'బర్ బర్' అని వినబడుతున్నాయని పరాయివాళ్లందరినీ బార్బరోస్ అన్నారు. సంస్కృతంలోనూ బర్బరులున్నారు. 'పాశవికం' అని పశువులనీ వదల్లేదు మనం. పథకం వేసి, రోజుల తరబడి హింసించే పశువు ఎక్కడుంది?

మాటే కదా అని కొట్టిపారెయ్యడానికి లేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, కొన్ని జాతుల్లో పుట్టడమే నేరంగా చూసింది. దేశమంతటా అది రద్దయ్యేసరికి 1952 వచ్చింది.

అలా ముద్ర వేసిన ప్రభుత్వమే 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో ఏం చేసిందో చూడండి. జలియన్‌వాలాబాగ్‌లో చేరిన జనం మీద జనరల్ డయ్యర్ కాల్పులకి ఆర్డరిచ్చాడు. యూనిఫామ్ వేసుకున్న సైనికులు వరసగా నిలబడి పది నిమిషాల పాటు కాల్చారు. బయటపడే దారుల దగ్గర జనం ఎక్కడ గుమిగూడితే అక్కడికే గురిపెట్టారు. ఖర్చయిన తూటాలు 1,650, సర్కారు లెక్క ప్రకారమే చనిపోయినవాళ్లు 379 మంది. దారి ఇరుకై సాయుధ వాహనాలు లోపలికి పట్టలేదు గానీ, పట్టి ఉంటే మెషిన్‌గన్లు కూడా బహుశా వాడేవాణ్ణేనని విచారణ కమిటీ ముందు డయ్యర్ ఒప్పుకున్నాడు. తూటాలకి సైతం లెక్క రాసిపెట్టుకున్న ఆ పనిని ఆటవికమంటే అడవికి అన్యాయం చేసినట్టే.

మనకి మాటలకేం కరువు? క్రూరం ఉంది, ఘోరం ఉంది, దారుణం ఉంది. అమానుషం కూడా ఉంది గానీ, మనిషి చేసిన పనిని మనిషిది కాదనడం నాకు నచ్చదు. వార్త రాసేటప్పుడైతే ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తే చాలు, విన్నవాళ్లకి ఒళ్లు గగుర్పొడవడానికి విశేషణం అక్కర్లేదు.

నేపాల్ తూర్పు కొండల్లో రాయ్, లింబు ప్రజలు ఈనాటికీ తాము కిరాతులమని గర్వంగా చెప్పుకుంటారు. వాళ్లకి అది తాతముత్తాతల పేరు.

సెలవు.